పదో రీలులో మూడు నిమిషాలు

మొన్నామధ్య ఒక కొత్త హాల్లో బొమ్మ వేసే గదిలోకి నన్ను తీసుకెళ్ళారు. చల్లగా ఉంది, శుభ్రంగా ఉంది, లోపల మనిషి లేడు. ఒక పెట్టె తన పని తాను చేసుకుంటోంది. అలాంటి పెట్టెలు ఆరింటిని చూసుకునే ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయే నన్ను తీసుకెళ్ళింది. “అంకుల్, మీ టైంలో అసలు పనేముండేది?” అని అడిగింది. నిజంగా తెలుసుకుందామని అడిగింది కాబట్టి కోపం రాలేదు. ఆటోలో ఇంటికొస్తూ జవాబు ఆలోచించుకున్నాను. లక్డీకాపూల్ దాటేసరికి అది ఒక్క మాటలో తేలేది కాదని అర్థమైంది. అందుకే రాస్తున్నాను.

ముప్పై నాలుగేళ్ళు ఆబిడ్స్‌లో ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌గా మిషన్ నడిపాను. మాది మెదక్ నుంచి సికింద్రాబాద్ వచ్చి స్థిరపడిన కుటుంబం. మా నాన్న చర్చిలో పెద్ద. కొడుకు సినిమా హాల్లో పనిచేస్తున్నాడని సంఘంలో చెప్పుకోవడానికి ఆయనకు పదేళ్ళు పట్టింది. అంతవరకూ “మావాడు ఆబిడ్స్‌లో కరెంటు పని చేస్తాడు” అనేవాడు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

ఏ సంవత్సరం ఏ ఇంక్రిమెంట్ వచ్చిందో రాయను, గుర్తులేదు కూడా. గుర్తున్నది వెలుతురు. గోడలో జానెడు కంత ఉండేది. దానిలోంచి వెలుతురు హాల్లోకి సాగిపోతుంటే అందులో దుమ్ము మెల్లగా ఈదుతూ ఉండేది. నాంపల్లి స్టేషన్ నుంచి బండి కూత, మా గోడ మీద పావురాల గురగుర, మిషన్ చప్పుడు, అన్నీ కలిసి ఒకే పాటలా వినబడేవి. నిలబడే కలగంటున్నట్టు ఉండేది. “మెల్కువ మీదనే కలలు కనేటోళ్ళకు జీతమిస్తున్రు సామేల్” అనేవాడు నా జోడీ యాదగిరి.

రెండు మిషన్లు, ఇద్దరు మనుషులు

సినిమా ఒక ముక్కగా వచ్చేది కాదు. పది పదిహేను రీళ్ళుగా డబ్బాల్లో వచ్చేది. ఒక్కో రీలు పది నిమిషాలు. క్యాబిన్‌లో రెండు మిషన్లుండేవి. ఒకటి, మూడు, ఐదు రీళ్ళు నా మిషన్ మీద, రెండు, నాలుగు, ఆరు యాదగిరి మిషన్ మీద నడిచేవి. రీలు అయిపోవచ్చే ముందు తెర మీద కుడివైపు పైమూలన ఒక చుక్క మెరుస్తుంది. అది చూసి రెండోవాడు తన మిషన్ కదిలిస్తాడు. కొన్ని క్షణాలకు ఇంకో చుక్క. అప్పుడు ఒకడు తన వెలుతురు మూసి, రెండోవాడు తెరవాలి. సరిగ్గా జరిగితే హాల్లో ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్ళు పనిచేసి ఎవరికీ తెలియకుండా ఉండటమే మా గొప్ప.

యాదగిరిది బేగం బజార్ వెనక సందు. నాకంటే రెండేళ్ళు చిన్న. నాకు చర్చి బడిలో నేర్చిన ఇంగ్లీషు వచ్చు, అతనికి రాదు. ఇంగ్లీషు సినిమాలు ఆడినప్పుడు మిషన్ పక్కన నిలబడి మాటలన్నీ తెలుగులో చెప్పేవాణ్ణి. “ఆ తెల్లోడు ఏమంటున్నడు?” అని అతను అడగకముందే చెప్పడం నాకు అలవాటైపోయింది.

చేరిన కొత్తలో ఒకసారి ఐదో రీలు బదులు ఏడోది ఎక్కించాను. ఆరులో పెళ్ళి కావలసిన జంటకు ఐదులోనే బిడ్డ పుట్టింది. హాలంతా ఈలలు. మేనేజర్ కోపంతో ఊగిపోతూ పైకి వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే యాదగిరి “డబ్బాల మీద నంబర్లు నేనే తప్పేసిన సాబ్” అన్నాడు. వారం రోజులు తిట్లు అతనే తిన్నాడు. నేను నోరు మూసుకుని ఉన్నాను. ఆ వారం తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

కిషన్‌రావు సాబ్

ఆ మేనేజర్ పేరు కిషన్‌రావు. మంచి బాసా అంటే నేను కాదనే అంటాను. నోటి దురుసు మనిషి, సెలవడిగితే మొహం పక్కకు తిప్పుకునేవాడు. అయితే ఒక్క విషయంలో ఆయనకు నేను దణ్ణం పెడతాను. ఆ రోజుల్లో ఆట టైముకు సరిపోవడం లేదని పాటలూ సీన్లూ కోసేసే హాళ్ళుండేవి. మా హాల్లో అది కుదిరేది కాదు. “తెగిన కాడ అతికియ్యి. మంచిగున్న బొమ్మల చెయ్యి పెట్టకు. వేరేటోళ్ళు చూడనీకి తీసిన్రు అది, నీ కోసం కాదు” అనేవాడు. ఆ మాట నేను ఒక్కసారే తప్పాను.

మల్లేశ్ వెళ్ళిపోయిన ఏడాది

ఉత్తరాన కొండల మీద యుద్ధం జరిగిన ఏడాది అది. యాదగిరి తమ్ముడు మల్లేశ్ ఫౌజులో ఉండేవాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా క్యాబిన్‌లో నా స్టూల్ లాక్కుని కూర్చునేవాడు. కంతలోంచి సినిమా చూస్తే కల దొంగతనంగా చూసినట్టుంటుందని నవ్వేవాడు. నాకు సొంత తమ్ముడు లేడు. ఆ లోటు వాడున్నన్నాళ్ళూ తెలియలేదు.

ఆ వేసవి చివర వాడు పెట్టెలో వచ్చాడు. జెండా కప్పి తెచ్చారు. బేగం బజార్ సందులో పెట్టె తిరగకపోతే నలుగురం ఎత్తి నిలువుగా పట్టుకోవలసి వచ్చింది. దాన్ని భుజం మీద మోసినవాళ్ళలో నేనొకణ్ణి. ఒక్క గుండుకే, అక్కడికక్కడే ప్రాణం పోయిందని కాగితంలో రాశారు. వచ్చిన ఆఫీసరు కూడా అదే చెప్పాడు. యాదగిరి వాళ్ళమ్మ ఆయన మొహంలోకి చూస్తూ విన్నది. ఆ తర్వాత ఆమె ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. యాదగిరి డ్యూటీకి తిరిగి వచ్చాడు గానీ కలలు, జీతాల మాటలు మానేశాడు.

చలికాలం మొదట్లో పొద్దుటి ఆటలకు వారం రోజుల పాటు ఒక పాత ఇంగ్లీషు సినిమా డబ్బాలు వచ్చాయి. నలుపు తెలుపు బొమ్మ. కథేమిటో ఎవరూ చూసుకోలేదు. ఒకే వీధిలో పెరిగిన ఇద్దరు స్నేహితులు యుద్ధానికి పోతారు, ఒకడే తిరిగొస్తాడు. మొదటి ఆట అయ్యాక కిషన్‌రావు సాబ్ పైకి వచ్చి, “యాదగిరీ, ఈ వారం లీవు తీస్కో” అన్నాడు. ఆయన తనంతట తానుగా లీవు ఇవ్వడం నేను చూసింది అదొక్కసారే.

“వద్దు సాబ్” అన్నాడు యాదగిరి. “ఇంట్ల ఉంటే అవ్వ మొఖం చూడాలె. ఈడనే నయం.”

సినిమాలో పెద్ద పెద్ద యుద్ధాలున్నాయి, అవి యాదగిరిని ఏమీ చేయలేదు. చేసింది పదో రీలు. తిరిగొచ్చినవాడు చచ్చిపోయిన స్నేహితుడి ఇంటికి వెళతాడు. తల్లి టీ చేసి తెస్తుంది. అలవాటు కొద్దీ రెండు కప్పులు తెచ్చి, ఒకటి ఇతని ముందు, ఒకటి ఖాళీ కుర్చీ ముందు పెడుతుంది. చాలాసేపు ఇద్దరూ మాట్లాడరు. తర్వాత ఆమె, “ఆ పొద్దున వాడు ఏమైనా తిన్నాడా?” అని అడుగుతుంది. తినలేదని తొమ్మిదో రీలులోనే మనం చూశాం. “తిన్నాడమ్మా” అంటాడతను. తన టీ తాగుతాడు. ఆమె అటు తిరిగాక రెండో కప్పు కూడా తాగేస్తాడు. అంతే, మూడు నిమిషాలు.

మొదటి రోజు నేను నా అలవాటు కొద్దీ ఆ మాటలు తెలుగులో చెప్పేశాను. చెప్పాక నాలుక కరుచుకున్నాను. పదో రీలు సరిసంఖ్య, అది యాదగిరి మిషన్. ఆ మూడు నిమిషాలూ అతను అక్కడే నిలబడి కంతలోంచి చూస్తూ బొమ్మ సరిచేస్తూ ఉండాలి. అతను మొహం గోడకు తిప్పుకున్నాడు. తెర మీద తల్లి మొహం అలుక్కుపోయింది. ఇరవై ఏళ్ళలో యాదగిరి బొమ్మ మసకబారడం నేనెరగను. కింద ఎవరో ఈల వేశారు.

“పదోది నా మిషన్ మీద పెడత” అన్నాను.

“రెండో మిషన్ నాది” అన్నాడు. రెండో రోజూ, మూడో రోజూ అలాగే జరిగింది.

కత్తెర

నాలుగో రోజు పొద్దున్నే, యాదగిరి రాకముందే వెళ్ళి పదో రీలు తీసి, రీళ్ళు చుట్టే బల్ల మీద వేసుకున్నాను. ఆమె టీ తెచ్చే చోట కోశాను. అతను గడప దాటి బయటికి వచ్చే చోట కోశాను. అంచులు గీకి, ఫిల్ము అతికించే సిమెంటు రాసి అతికించాను. కోసిన ముక్క చుట్టి ఖాళీ బిస్కెట్ డబ్బాలో పెట్టాను. పావుగంట పని. నా స్నేహితుడికి నేను చేయగలిగిన మేలు ఇంతకంటే లేదనుకున్నాను. చేతులు తుడుచుకుంటూ ఈల కూడా వేశాననుకుంటాను.

ఆట మొదలైంది. పదో రీలులో అతుకు మిషన్‌లోంచి పోయేటప్పుడు చిన్నగా టిక్కుమంది. స్నేహితుడు తలుపు తట్టి లోపలికొచ్చి కూర్చున్నాడు, మరుక్షణం వీధిలో నడిచిపోతున్నాడు. యాదగిరి నా వైపు ఒకసారి చూశాడు. బొమ్మ మాత్రం ఎక్కడా మసకబారలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మెట్లెక్కి వచ్చిన మనిషి

ఆ నాలుగు రోజులూ బాల్కనీ చివరి సీట్లో ఒక యువకుణ్ణి కంతలోంచి చూస్తూనే ఉన్నాను. చేతికర్ర ఉండేది, ఒక కాలు చాచుకుని కూర్చునేవాడు. పొద్దుటి ఆటకు ఎక్కువమంది రారు, అందుకే గుర్తున్నాడు.

నాలుగో రోజు ఆట అయ్యాక యాదగిరి కింద ఇరానీ హోటల్‌కు చాయ్‌కి వెళ్ళాడు. మా ఇనుప మెట్ల మీద కర్ర చప్పుడు వినబడింది. మెట్టుకొకసారి ఆగుతోంది. తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“యాదగిరి అన్నంటే మీరేనా?”

“కాదు తమ్మీ. చాయ్‌కి పోయిండు, వస్తడు. ఏం పని?”

కాదన్నందుకు అతనికి ఊపిరి వచ్చినట్టయింది. స్టూల్ చూపిస్తే కూర్చున్నాడు.

“ఇయ్యాల ఆ సీను రాలేదేంది అన్నా? చాయ్ కప్పులది.”

“నీకెందుకు అది?”

“నా పేరు సుధాకర్. మెదక్ దిక్కు మాది. ఫౌజుల మల్లేశ్, నేను ఒక్కతాననే ఉన్నం.”

ఆ పేరు నాకు తెలుసు. మల్లేశ్ ఉత్తరాల్లో ప్రతిదాంట్లోనూ సుధాకర్ ఉండేవాడు.  అతనే చెప్పుకుపోయాడు.

“మా అన్న ఆబిడ్స్‌ల మిషన్ నడుపుతడు, లీవు మీద పోతే నిన్ను కాబిన్‌ల కూసోబెట్టి సినిమా చూపిస్త అనేటోడు. ఇల్లు యాడుందో నాకు ఎరుక లేదు, ఈ హాలు పేరే యాదికున్నది. దవాఖానలకెళ్ళి విడిచిపెట్టినంక ఊరికి పోయిన, ఆడికెళ్ళి సీదా ఈడికొచ్చిన. మెట్ల కాడ నిలబడ్డ. ఎక్కబుద్ధి కాలే. టికెట్ తీస్కొని లోపలికి పోయి కూసున్న. లోపల చూస్తే ఇదే సినిమా.”

“నాలుగు దినాల సంది వస్తున్నవ్.”

“ఔ. కాగితంల ఒక్క గుండుకే పోయిండని రాసిన్రు గదా. గట్ల కాలే అన్నా. చాన సేపు పట్టింది. నేనున్న గాడ.” కర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. “ఆ సంగతి తల్లికెట్ల చెప్పాలె? సినిమాల ఆ పిలగాడు ఆమె ముంగట ఎట్ల కూసున్నడో రోజూ చూస్తున్న. గట్ల కూసునుడైతే నాతోని అయితదా అని. ఇయ్యాల ఇంకొక్కపారి చూసి పైకొద్దామనుకున్న. సీనే రాలే. మల్లేశే వద్దంటున్నడేమో అనిపిచ్చింది. నాలుగింటికి నాంపల్లిల బండి ఉంది. అన్నకు చెప్పకుర్రి. పోతా.”

లేచాడు. అతను ఆ మెట్లు దిగితే మళ్ళీ రాడని నాకు తెలిసిపోయింది. మల్లేశ్ ఎలా పోయాడో చెప్పగల మనిషి లోకంలో ఒక్కడే, అతను నా కత్తెర వల్ల వెనక్కి పోతున్నాడు. మంచికి పోతే చెడు ఎదురైందంటారు, అదే జరిగింది.

“మల్లేశ్ కాదు వద్దన్నది” అన్నాను. “ఆ సీను నేనే కోసిన. యాదగిరి చూడలేకపోతుండని కోసిన.”

సుధాకర్ కోపగించుకుంటాడనుకున్నాను.

“అన్నక్కూడ గట్లనే ఉన్నదా?” అని మళ్ళీ కూర్చున్నాడు.

ఖాళీ హాలు

బిస్కెట్ డబ్బా తీశాను. పొద్దున వేసిన అతుకు విప్పి ముక్కను దాని చోట కలపసాగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. రెండో అతుకు ఆరుతుండగా యాదగిరి వచ్చాడు. స్టూల్ మీదున్న మనిషిని, చేతికర్రను, బల్ల మీది పదో రీలును చూశాడు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

“సుధాకరా?” అన్నాడు.

“ఔ అన్నా.”

ఇద్దరూ అక్కడే ఆగిపోయారు. ఒకడు అడగలేడు, ఇంకొకడు చెప్పలేడు. నేను పాదిరిగారిని కాను, డాక్టర్ని కాను. నాకు తెలిసింది బొమ్మ వేయడం ఒక్కటే. “కిందికి పోయి హాల్ల కూసోండ్రి. పదో రీలు ఏస్తా” అన్నాను.

మ్యాట్నీకి ఇంకా గంటన్నర ఉంది. ఊడ్చేవాళ్ళు బయటికి పోయారు. కిషన్‌రావు సాబ్ వరండాలోనే నిలబడి ఉన్నాడు. ఖాళీ హాల్లో దీపాలు ఆరడం చూసి కూడా లోపలికి రాలేదు.

రెండో మిషన్ మీద నేనే ఎక్కించాను. అంత పెద్ద హాల్లో రెండు తలలు. తెర మీది వెలుతురు ఆ ఇద్దరి మీదా పడి కదులుతూ ఉంది, ఎండలో నీళ్ళు కదిలినట్టు. ఆమె టీ తెచ్చింది. అతను రెండు కప్పుల వైపూ చూశాడు. నేను ఎన్ని వేల ఆటలు వేశానో తెలియదు గానీ అంత జాగ్రత్తగా ఎప్పుడూ బొమ్మ సరిచేయలేదు. తెర మీద మాటలు మొదలైనప్పుడు కింద సుధాకర్ వంగి యాదగిరి చెవిలో ఏదో చెబుతున్నాడు. తెలుగు చేస్తున్నాడనుకున్నాను. సీను అయిపోయింది, రీలు అయిపోయింది, అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు. అప్పుడు తెలిసింది అతను చెబుతున్నది సినిమా కాదని.

నేను మిషన్ దీపం ఆర్పలేదు. తెల్లటి తెర ముందు ఆ ఇద్దరూ అలా ఎంతసేపున్నారో నాకు తెలియదు. నాలుగింటి బండి గురించి ఎవరూ ఎత్తలేదు. చివరికి యాదగిరి లేచి సుధాకర్ చేయి తన భుజం మీద వేసుకుని బయటికి నడిపించాడు. పైకి చూసి నాకు చెయ్యి ఊపాడు, ఇంటికి పోతున్నామని.

ఆ రోజు మ్యాట్నీ రెండు మిషన్ల మీదా ఒక్కణ్ణే నడిపాను. ఒకచోట చుక్క దాటిపోయి తెర నల్లబడింది. జనం ఈలలు వేశారు. వేయనీ అనుకున్నాను.

మర్నాడు

మర్నాడు యాదగిరి మామూలు టైముకే వచ్చాడు. మిషన్ తుడుస్తూ అన్నాడు.

“కోసింది నువ్వేనని నిన్ననే ఎరుక. అతుకు పోతుంటే నా చెవులకు తెల్వదా?”

“మరి అడగలేదేం?”

“నా మీద ప్రేమతోని చేసినవ్. ఏమని అడగాలె? గాని సామేల్, ఆ సీను సక్కగ చూడాలెనని మూడు దినాల సంది మనసు గట్టి చేస్కుంటున్న. దినానికింత చూస్తున్న. నాలుగో దినం చూద్దునేమో. నువ్వు ఆ సీనే లేకుండ చేసినవ్. జర నన్నొక మాట అడగాల్సింది.”

తప్పైందన్నాను. అతను తలూపాడు.

పెట్టెలు చూసుకునే అమ్మాయీ, మీ చేతిలో కత్తెర లేకపోవచ్చు. కానీ ఏ పనిలోనైనా ఎదుటివాడికి నొప్పి అనిపించేదాన్ని మనమే తీసి దాచేసే వీలు ఒక రోజు వస్తుంది. వాళ్ళు చూడలేకపోతున్నారని మనం అనుకుంటాం. చూడగలిగేందుకు ప్రయత్నిస్తున్నారేమో అని నాకు తట్టలేదు. నా ముప్పై నాలుగేళ్ళలో నేను చేసిన పెద్ద తప్పు అదే. అడగడానికి ఒక్క నిమిషం పట్టేది.

ఆ తర్వాత యాదగిరి ఇంటి సంగతి చెప్పాడు. యాదగిరి వాళ్ళమ్మ ముందు సుధాకర్ నేల మీద కూర్చున్నాడట. సినిమాలోలాగా అబద్ధం చెప్పలేదు. కొండ మీద చీకటి ఉండగానే మల్లేశ్‌కు గుండు తగిలింది. పైనుంచి కాల్పులు, మోసుకుని దిగే దారి లేదు. సుధాకర్ మల్లేశ్ తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాడు నీళ్ళడిగాడు, అన్న గురించి మాట్లాడాడు, చలేస్తోందన్నాడు. ఎండ వచ్చేదాకా ఉన్నాడు. ఇదంతా దాచకుండా చెబుతుంటే అమ్మ తట్టుకోలేదేమోనని యాదగిరి గోడ పట్టుకుని నిలబడ్డాడట.

“అవ్వ అంత విన్నది” అన్నాడు యాదగిరి. “ఏడ్వలే. వాని ఒడిల చెయ్యి పెట్టి, ఈడనేనా బిడ్డా అన్నది. ఔ అన్నడు. చెయ్యి తియ్యలే. ఎంతసేపటికో అన్నది, ఇన్ని దినాలు నా కొడుకు ఒక్కడే సచ్చిండని ఏడ్సిన బిడ్డా, నువ్వున్నవ్ గదా, అని.”

అప్పుడు ఏడ్చింది నేను. యాదగిరి నా పక్కన కూర్చున్నాడు. ఆ రోజు పొద్దుటి ఆట పది నిమిషాలు ఆలస్యంగా మొదలైంది.